రెండో పేరుది ఏ ఊరు?

2024 నవంబరులో ఎన్నికలయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లాం. దర్శనమయ్యాక క్యాంటీన్‌లో పులిహోర తింటూ కూర్చుంటే మాటలు ఎన్నికల మీదికి మళ్లాయి. ఆ వారం ఎక్కడికి వెళ్లినా అదే మాట. మాకు బాగా తెలిసిన ఒక అన్నగారు, ముప్ఫయ్యేళ్లుగా పెన్సిల్వేనియాలోనే ఉంటున్నాయన, చాలా బాధపడుతూ అన్నారు: “చూడమ్మా, మన గవర్నర్ షపీరోని ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెట్టుకుని ఉంటే కమలా హారిస్ గెలిచేది. ఇంత ముఖ్యమైన పెన్సిల్వేనియాని వదిలేసి మిన్నెసోటా ఆయన్ని తెచ్చుకుంది. మిన్నెసోటా ఎలాగూ ఆవిడకే వస్తుంది కదా!”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా అవునన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఎందుకు పడలేదో చెప్పడానికి ఆ పూట నా దగ్గర సరైన జవాబూ లేదు. ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా పాత ఎన్నికల లెక్కలు చదువుతూ వచ్చాను. ఆయనకు అప్పుడు చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అన్నగారి మాటలో లెక్క లేకపోలేదు. అమెరికాలో అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలకు పంచిన ఎలక్టోరల్ ఓట్లు. దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ గెలిచినవాళ్లకే ఆ రాష్ట్రం ఓట్లన్నీ వెళ్తాయి. పెన్సిల్వేనియాకు అవి 19. జాష్ షపీరో 2022లో ఇక్కడ దాదాపు 15 శాతం తేడాతో గవర్నర్‌గా గెలిచాడు. హారిస్ ఇక్కడ ఓడింది 2 శాతం లోపు తేడాతోనే. అయితే ఇంటికొచ్చి కాగితం మీద వేసుకుంటే సంగతి వేరేగా కనిపించింది. ఆమెకు మొత్తం వచ్చినవి 226. వాటికి 19 కలిపితే 245. గెలవడానికి 270 కావాలి. మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కూడా కలిస్తే సరిగ్గా 270 అవుతాయి. అంటే షపీరో తన రాష్ట్రాన్ని గెలిపిస్తే చాలదు, ఇంకో రెండు రాష్ట్రాలను వెంటబెట్టుకు రావాలి. అది ఎంత కష్టమో హారిస్ తన జోడీగా ఎంచుకున్న టిమ్ వాల్జ్ విషయంలోనే చూశాం. ఆయన గవర్నర్‌గా ఉన్న మిన్నెసోటాకి విస్కాన్సిన్ సరిహద్దు రాష్ట్రమే, అయినా అది పోయింది. సొంత మిన్నెసోటాలో కూడా 2020లో బైడెన్‌కు వచ్చిన 7 శాతం ఆధిక్యం ఈసారి 4కి పడిపోయింది.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఫలానా రాష్ట్రం కలిసొస్తుందని ఉపాధ్యక్ష అభ్యర్థిని ఎంచుకుంటే ఓట్ల విషయంలో ఒరిగేది చాలా తక్కువ. కానీ అలా ఓట్ల కోసం తెచ్చిన మనిషి రేపు అధ్యక్షుడి కుర్చీలో కూర్చుంటే, దేశం దారే మారిపోతుంది. రెండు సార్లు అలా మారింది. ఆ రెండు సార్లూ జరిగినదానికి ఇక్కడున్న మన తెలుగువాళ్ల బతుకులతో నేరుగా సంబంధం ఉంది.

ఎవరిది ఏ ఊరు, అంటే ఏ రాష్ట్రం, అనే ఈ లెక్క అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. మొదట్లో ఎలక్టోరల్ ఓట్లు వేసే ఒక్కో ఎలక్టర్‌కు రెండు ఓట్లుండేవి, రెండూ అధ్యక్ష పదవికే. వాటిలో ఒకటైనా తన రాష్ట్రం కాని మనిషికి వేయాలని షరతు. ఎవరికి వాళ్లు తమ వాడికే వేసుకుంటే దేశమంతా ఒప్పుకునే మనిషి ఎప్పటికీ తేలడని వాళ్ల భయం. 1800లో జెఫర్సన్‌కూ ఆయన జోడీ ఆరన్ బర్‌కూ సమానంగా 73 ఓట్లు పడి, ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ పెడితే గాని ఎవరు అధ్యక్షుడో తేలలేదు. దాంతో 1804లో 12వ సవరణ తెచ్చి రెండు పదవులకూ వేర్వేరు ఓట్లు పెట్టారు. ఊరి షరతు మాత్రం ఉంచేశారు. ఇప్పటికీ ఉంది. 2000లో జార్జ్ బుష్, డిక్ చెనీ ఇద్దరూ టెక్సాస్‌లోనే ఉండేవాళ్లు. అలాగే పోటీ చేస్తే టెక్సాస్ ఎలక్టర్లు 32 మందీ ఇద్దరికీ ఓటు వేయడానికి వీల్లేదు. అందుకని చెనీ ఆ జూలైలో తన ఓటును వయోమింగ్‌కు మార్చుకున్నాడు. చివరికి బుష్ గెలిచింది 271తో, కావలసినదానికన్నా ఒక్క ఓటు ఎక్కువ. ఓటరు జాబితాలో ఆ చిన్న మార్పు జరక్కపోతే చెనీకి ఉపాధ్యక్ష పదవి దక్కడమే అనుమానమయ్యేది.

ఊరు చూసి ఎంచుకుంటే పనిచేస్తుందనేవాళ్లు అందరూ చూపించేది 1960 ఎన్నికనే. దాని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం.

జాన్ కెన్నెడీది మసాచుసెట్స్. చిన్న వయసు, పైగా క్యాథలిక్. దక్షిణాది ప్రొటెస్టెంట్ ఊళ్లలో ఆయనంటే అనుమానం. లిండన్ జాన్సన్‌ది టెక్సాస్, సెనేట్‌లో డెమొక్రాట్ల నాయకుడు. ఆ ఏడాది జూలైలో లాస్ ఏంజెలెస్ మహాసభలో అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం కెన్నెడీతో పోటీపడి రెండో స్థానంలో నిలిచాడు. మర్నాడు పొద్దున కెన్నెడీ వెళ్లి తన పక్కన ఉండమని అడిగాడు. కార్మిక సంఘాల వాళ్లు మండిపడ్డారు. కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ స్వయంగా జాన్సన్ గదికి వెళ్లి, వద్దనమని నచ్చజెప్పి చూశాడు. జాన్సన్ వినలేదు. అక్టోబరులో ప్రత్యేక రైలెక్కి దక్షిణాది రాష్ట్రాల్లో స్టేషన్ స్టేషన్‌కీ ఆగి మాట్లాడాడు. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు డాలస్‌లో అడాల్ఫస్ హోటల్ దగ్గర ఆయన్నీ భార్య లేడీ బర్డ్‌నీ జనం చుట్టుముట్టి తోసి, తిట్టి, ఉమ్మారు. సొంత రాష్ట్రంలో ఒక ఆడమనిషికి జరిగిన ఆ అవమానం చూసి చాలామంది టెక్సాస్ వాళ్లు సిగ్గుపడ్డారంటారు.

1952లోనూ 1956లోనూ రిపబ్లికన్ ఐసెన్‌హవర్‌కు వేసిన టెక్సాస్ ఈసారి దాదాపు 46,000 ఓట్ల తేడాతో కెన్నెడీకి వచ్చింది. అయితే చాలామంది గమనించని విషయం ఒకటుంది. కెన్నెడీకి మొత్తం 303 ఎలక్టోరల్ ఓట్లు, అప్పట్లో గెలవడానికి కావలసినవి 269. టెక్సాస్ 24 ఓట్లు తీసేసినా 279 మిగులుతాయి. అంటే ఒక్క టెక్సాస్ పోయినా ఆయన గెలిచేవాడే. టెక్సాస్‌తో పాటు నార్త్ కరొలైనా లాంటి ఇంకో రాష్ట్రం కూడా పోయి ఉంటేనే ఆ 269 అందేవి కావు. జాన్సన్ తెచ్చిన మేలు ఒక రాష్ట్రానిది కాదు. ‘ఈ ఉత్తరాది కుర్రాణ్ణి నమ్మొచ్చు, నేను హామీ’ అని ఒక ప్రాంతమంతటికీ ఆ ప్రాంతం యాసలోనే ఒక పెద్దమనిషి వెళ్లి చెప్పాడు. పెళ్లి సంబంధానికి మధ్యవర్తి వెళ్లినట్టు. మధ్యవర్తి మాట చెల్లాలంటే ముందు ఆయనకు అక్కడ పరపతి ఉండాలి, పెళ్లికొడుకు మీద ఉన్న భయం మాటతో పోయేలా ఉండాలి. 1960లో రెండూ కుదిరాయి. అదే ఎన్నికలో ఎదుటి పక్షాన నిలబడ్డ రిపబ్లికన్ నిక్సన్ కూడా కెన్నెడీ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ నుంచే హెన్రీ క్యాబట్ లాడ్జ్‌ని తెచ్చుకున్నాడు. మసాచుసెట్స్ కెన్నెడీతోనే ఉంది.

28 ఏళ్ల తర్వాత డెమొక్రాట్లు సరిగ్గా అదే వంట మళ్లీ వండబోయారు. 1988లో మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ టెక్సాస్ సెనేటర్ లాయిడ్ బెంట్సన్‌ని పక్కన పెట్టుకున్నాడు. అవే రెండు రాష్ట్రాలు. పైగా ఆ బెంట్సన్ 1970లో సెనేట్ ఎన్నికలో జార్జ్ బుష్‌ని, అంటే 1988లో ఎదుటి పక్షాన నిలబడ్డ పెద్ద బుష్‌నే, టెక్సాస్‌లో ఓడించినవాడు. ఇంతకన్నా మంచి ఎంపిక ఎక్కడుంటుంది అనిపిస్తుంది. డుకాకిస్‌కు టెక్సాస్‌లో 43 శాతం ఓట్లు వచ్చాయి, ఘోరంగా ఓడాడు.

నన్ను ఆపేసింది ఆ ఓటమి కాదు, అదే రోజు టెక్సాస్‌లోనే వచ్చిన ఇంకో ఫలితం. జాన్సన్ కోసం టెక్సాస్‌లో ఒక చట్టం మార్చారు. దాని ప్రకారం ఒకే మనిషి సెనేట్‌కూ ఉపాధ్యక్ష పదవికీ ఒకేసారి పోటీ చేయొచ్చు. బెంట్సన్ రెండింటికీ నిలబడ్డాడు. సెనేట్‌కు ఆయనకు 59 శాతం ఓట్లు! అంటే లక్షల మంది టెక్సాస్ వాళ్లు ఒకే బ్యాలెట్‌లో ఒక చోట బెంట్సన్‌కు వేసి, ఇంకో చోట బెంట్సన్ పేరున్న జోడీకి వేయలేదు. వాళ్లకు ఆయనంటే ప్రేమ తగ్గలేదు. కానీ ఆయన మీది ప్రేమతో డుకాకిస్‌ని అధ్యక్షుణ్ణి చేయడానికి ఒప్పుకోలేదు. ఓటరు ఎంత స్పష్టంగా ఆలోచిస్తాడో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

తర్వాతివాటిని గబగబా చెప్పేస్తాను. 2004లో కెర్రీ నార్త్ కరొలైనా నుంచి జాన్ ఎడ్వర్డ్స్‌ని తెచ్చుకుని అక్కడ 12 శాతం తేడాతో ఓడాడు. 2012లో రామ్నీ విస్కాన్సిన్ నుంచి పాల్ రయాన్‌ని తెచ్చుకుని అక్కడ దాదాపు 7 శాతం తేడాతో ఓడాడు. 1940లో రూజ్వెల్ట్ రైతు రాష్ట్రాల కోసం అయొవా మనిషి హెన్రీ వాలెస్‌ని తీసుకుంటే దేశమంతా గెలిచాడు గాని అయొవా పోయింది. 1968లో నిక్సన్ పక్కనున్న స్పైరో ఆగ్న్యూ మేరీలాండ్ గవర్నర్. మేరీలాండ్ డెమొక్రాట్ అభ్యర్థి హంఫ్రీకి వెళ్లింది. అదే ఏడు హంఫ్రీ పక్కనున్న ఎడ్మండ్ మస్కీ మాత్రం దాదాపు ఎప్పుడూ రిపబ్లికన్లదైన మెయిన్ రాష్ట్రాన్ని తెచ్చిపెట్టాడు. చిన్న రాష్ట్రం, గవర్నర్‌గానూ సెనేటర్‌గానూ అందరికీ ఏళ్ల తరబడి తెలిసిన మనిషి. అక్కడ పనిచేసింది. అల్ గోర్ కథ వీటన్నిటికన్నా బాధాకరం. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. 2000లో గోర్‌కు దేశమంతటా కలిపి బుష్ కన్నా 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, సొంత టెనెసీ పోయింది. అందరూ ఫ్లోరిడా గురించే మాట్లాడతారు. టెనెసీలో ఉన్న 11 ఓట్లు వచ్చి ఉంటే ఫ్లోరిడాతో పనే లేదు. మొదటి పేరున్న మనిషే తన ఊరిని నిలబెట్టుకోలేనప్పుడు రెండో పేరు నుంచి మనం ఎంత ఆశించాలి?

దీన్ని పరిశోధకులు కూడా లెక్కగట్టారు. క్రిస్టఫర్ డివైన్, కైల్ కాప్కో అనే ఇద్దరు 19వ శతాబ్దం చివరి నుంచి ఎన్నికల ఫలితాలు తీసి చూసి, ఉపాధ్యక్ష అభ్యర్థి వల్ల సొంత రాష్ట్రంలో కలిగే లాభం దాదాపు సున్నా అన్నారు. చిన్న రాష్ట్రంలో చాలా కాలం పనిచేసిన మనిషైతే కొంత ఉంటుందట, మెయిన్‌లో మస్కీలాగా. ఇంకో పద్ధతిలో లెక్కవేసిన మరో ఇద్దరు 2 శాతానికి పైగా లాభం ఉంటుందన్నారు. పెన్సిల్వేనియాలో తేడా 2 శాతం లోపే కాబట్టి అన్నగారి వాదానికి ఉన్న బలమంతా ఆ రెండో లెక్కలోనే ఉంది. ఒప్పుకుంటాను. కానీ ఆ లెక్క ఎంత నిజమైనా పెన్సిల్వేనియా సరిహద్దు దాటదు.

ఎందుకిలా జరుగుతుందో నాకు మా బాబాయ్ వల్ల అర్థమైంది. 2024 జూలై 15న, మిల్వాకీలో రిపబ్లికన్ల మహాసభ మొదలైన రోజున, ట్రంప్ తన జోడీగా ఒహాయో సెనేటర్ జె.డి. వాన్స్ పేరు ప్రకటించాడు. కొన్ని గంటల్లోనే తణుకు నుంచి బాబాయ్ ఫోన్. “అమ్మాయ్, ఆయన భార్య చిలుకూరి వాళ్ల అమ్మాయటగా! మన వడ్లూరు!” తణుకు పక్కనే వడ్లూరు. వాన్స్ భార్య ఉష పుట్టింది శాన్ డియాగోలో అయినా వాళ్ల పూర్వికుల ఊరు అదే. ఆ ఊళ్లో పూజలు చేస్తున్నారని, టీవీ వాళ్లంతా వచ్చేశారని బాబాయ్ ఎంత సంబరంగా చెప్పారో! ఆ సంబరం నాకూ కలిగింది. మనది అనే పేరు అంత దూరాన వినిపిస్తే ఒళ్లు పులకరించడం సహజం, దాన్ని చిన్నచూపు చూడను. తర్వాత ఆయన అడిగారు: “అయితే అక్కడ మనవాళ్లందరూ వాళ్లకే వేస్తారా?”

“లేదు బాబాయ్. వేసేవాళ్లు ఎలాగూ వేస్తారు, వేయనివాళ్లు వేయరు” అన్నాను. మా వీధిలో రెండు తెలుగు ఇళ్లున్నాయి. ఆ శరదృతువులో ఒక ఇంటి ముందు ఒక పార్టీ బోర్డు, రెండో ఇంటి ముందు ఇంకో పార్టీ బోర్డు. వడ్లూరు పేరు విని రెండిళ్లలోనూ సంతోషించారు, ఏ ఇంటి ముందూ బోర్డు మారలేదు. ఒకరికి గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్న తమ్ముడి టెన్షన్, ఇంకొకరికి పన్నులు, ధరలు. టెక్సాస్ వాళ్లు బెంట్సన్ విషయంలో చేసిందీ ఇదే. మనవాడు అన్న అభిమానం ఒక చోట ఉంటుంది, ఓటు ఇంకో చోట ఉంటుంది.

మరుసటి ఏడు మన దేశంలోనే ఇది కనిపించింది. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు ఒక పక్షం తమిళనాడుకు చెందిన సి.పి. రాధాకృష్ణన్‌ని, రెండో పక్షం తెలంగాణకు చెందిన జస్టిస్ సుదర్శన్ రెడ్డిని నిలబెట్టాయి. తెలుగువాడని తెలుగుదేశమో వైసీపీనో అటు వెళ్లలేదు. బీఆర్ఎస్ ఓటింగ్‌కే దూరంగా ఉంది. తమిళుడని డీఎంకే ఇటు రాలేదు. 452, 300 ఓట్లతో రాధాకృష్ణన్ గెలిచారు. అది ఎంపీల ఓటు, ప్రజల ఓటు కాదు, రెండూ ఒకటే అనను. కానీ ఊరి పేరు ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అందులోనూ తెలుస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయానికి వస్తాను. ఓట్లు తెచ్చినా తేకపోయినా ఆ రెండో మనిషి అక్కడే ఉంటాడు. ఇప్పటిదాకా తొమ్మిది మంది ఉపాధ్యక్షులు మధ్యలో అధ్యక్షులయ్యారు. ఎనిమిది మంది అధ్యక్షుడు చనిపోతే, ఫోర్డ్ నిక్సన్ రాజీనామా చేస్తే. ఆ తొమ్మిది మందిలో ఇద్దరి ఇంటిపేరు జాన్సన్. ఇద్దరూ దక్షిణాది వాళ్లు, ఇద్దరినీ ఆ కారణంతోనే తీసుకున్నారు.

మొదటి జాన్సన్, ఆండ్రూ. 1864, అంతర్యుద్ధం నడుస్తోంది. లింకన్ పార్టీ మెయిన్ రాష్ట్రపు ఉపాధ్యక్షుడు హానిబల్ హామ్లిన్‌ని తప్పించి టెనెసీ డెమొక్రాట్‌ని పెట్టింది. విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లలో యూనియన్‌ని, అంటే ఉమ్మడి దేశాన్ని, వదలకుండా నిలబడ్డవాడు ఆయనొక్కడే. దేశమంతా ఒకటే అని చూపించడానికి అంతకన్నా మంచి పేరు లేదు. ఓట్ల లెక్కకొస్తే టెనెసీ ఎలక్టోరల్ ఓట్లను ఆ ఏడు కాంగ్రెస్ అసలు లెక్కలోకే తీసుకోలేదు. లింకన్‌కు వాటి అవసరమూ రాలేదు, 212 ఓట్లు వచ్చాయి. రెండోసారి ప్రమాణం చేసిన ఆరు వారాలకే లింకన్ హత్య జరిగింది. అప్పుడే బానిసత్వం నుంచి బయటపడుతున్న 40 లక్షల మంది బతుకు ఆండ్రూ జాన్సన్ చేతిలో పడింది. ఆయన పౌరహక్కుల బిల్లును తిరగ్గొట్టాడు, కాంగ్రెస్ ఆయన్ను కాదని దాన్ని చట్టం చేసింది. 14వ సవరణను వ్యతిరేకించాడు. 1868లో అభిశంసనకు గురై ఒక్క ఓటుతో బయటపడ్డాడు. ఈ దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ పౌరసత్వం అని రాసిపెట్టింది ఆ 14వ సవరణలోనే. వీసా మీద ఉండగా పిల్లల్ని కన్న ఎన్ని తెలుగు కుటుంబాలు ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడ్డాయో నేను చెప్పక్కర్లేదు. దాన్ని అడ్డుకోవాలని చూసిన అధ్యక్షుణ్ణి ఆ కుర్చీ దాకా తెచ్చింది టెనెసీ అనే ఊరి పేరే.

రెండో జాన్సన్, లిండన్. 1963 నవంబరు 22న కెన్నెడీ హత్య జరిగాక అదే డాలస్‌లో, విమానంలో ప్రమాణం చేశాడు. యువకుడిగా ఉండగా 1928లో టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊళ్లో పేద మెక్సికన్ పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. నల్లజాతివాళ్ల పట్ల వివక్షను నిషేధించే పౌరహక్కుల బిల్లును సెనేట్‌లో దక్షిణాది సెనేటర్లు వారాల తరబడి ఉపన్యాసాలతో అడ్డుకున్నారు. వాళ్ల గుట్టుమట్లన్నీ జాన్సన్‌కు తెలుసు, ఎందుకంటే ఆయనా వాళ్ల మధ్యే పెరిగాడు. 1964 జూన్‌లో 71, 29 ఓట్లతో ఆ అడ్డు తొలగింది, జూలై 2న సంతకం పెట్టాడు. దక్షిణాది ఓట్ల కోసం తెచ్చిన ఆ మనిషి ఆ నవంబరులో దేశమంతా భారీగా గెలిచి, మిసిసిపీ, అలబామా, జార్జియా, లూసియానా, సౌత్ కరొలైనా పోగొట్టుకున్నాడు. వియత్నాం యుద్ధాన్ని పెంచిన మచ్చ కూడా ఆయన మీద ఉంది, దాన్ని నేను దాచను. కానీ తన ప్రాంతం తనకిచ్చిన పరపతిని తన ప్రాంతపు అన్యాయం మీదే ఖర్చుపెట్టిన నాయకుణ్ణి నేను గౌరవిస్తాను.

1965 అక్టోబరు 3న లిబర్టీ విగ్రహం దగ్గర ఆయన ఇంకో సంతకం పెట్టాడు. అది కొత్త వలస చట్టం. 1946 నుంచీ భారతదేశానికి ఉన్న కోటా ఏడాదికి 100 మంది. దేశమంతటికీ వంద! అలా ఒక దేశానికి ఎక్కువ, ఇంకో దేశానికి తక్కువ కోటాలు పెట్టే పద్ధతిని ఆ చట్టం ఎత్తేసింది. డాక్టర్లు, ఇంజనీర్లు, వాళ్ల వెనక అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పెద్ద సంఖ్యలో రావడం దాంతోనే మొదలైంది. అలా వచ్చినవాళ్లే 1970లలో పెన్ హిల్స్ కొండ మీద ఈ గుడి కట్టుకున్నారు.

ఇద్దరు జాన్సన్లనూ ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటే. ఈయన అధ్యక్షుడైతే ఎవరి పక్షాన నిలబడతాడు? షపీరో గురించి గానీ వాల్జ్ గురించి గానీ వాన్స్ గురించి గానీ టీవీల్లో రాత్రింబవళ్లు జరిగిన చర్చల్లో ఈ ప్రశ్న నాకు వినపడిందే తక్కువ. పెన్సిల్వేనియా మ్యాపు మాత్రం ప్రతి పది నిమిషాలకూ తెరమీద కనపడేది. మా బ్యాలెట్ కాగితం మీద ఇద్దరి పేర్లకూ కలిపి ఒకటే గడి ఉంటుంది. నింపితే ఇద్దరికీ, లేకపోతే ఎవరికీ కాదు.

ఈ మధ్య గుడిలో అన్నగారు మళ్లీ కనిపిస్తే ఇదంతా చెప్పాను. షపీరో విషయంలో ఆయన ఒప్పుకోలేదు. “ఒక్కసారి పెట్టి చూడాల్సింది తల్లీ” అనే అన్నారు. 1965 చట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తినడం ఆపి విన్నారు. వాళ్ల బావగారు డాక్టరు, 1971లో వచ్చారట. ఆయన పిలిపిస్తేనే మిగతావాళ్లంతా వచ్చారట. “ఎవరి సంతకంతో వచ్చామో ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. మా బావకీ తెలిసుండదు” అన్నారు.

ఆ రాత్రి నాకు ఫోన్ చేశారు. బావగారిని అడిగారట. ఎనభై దాటిన ఆ పెద్దాయన “ఎందుకు తెలీదురా, టెక్సాస్ జాన్సన్” అన్నారట.